ముందు సితారకు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. మోటారు సైకిళ్ళు లేని రోజుల్లో, మందులు చల్లగా ఉంచే పెట్టెలు లేని రోజుల్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలు రెండూ ఎలా తిరిగారండీ అని అడిగింది. గుర్రం మీద అన్నాను. ఆమె నవ్వింది. ఏదో పాత సినిమాలో దృశ్యం చూసినట్టు నవ్వింది.

ఆమె వెళ్ళిపోయాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. చెప్పవలసింది ఎంతో ఉంది, గుర్రం అన్న ఒక్క మాటతో ఊరుకున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు ఎవరికీ పనికిరావు, వాటిని వదిలేస్తున్నాను. నా గుర్రం సితార సంగతి మాత్రం ఈ పనిలోకి వచ్చేవాళ్ళందరికీ చెప్పి తీరాలి. పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో నాతో చేరింది, నలభైల మొదట్లో పోయింది. అంతకాలం దాని పక్కన నడిచే అదృష్టం నాకు దక్కిందని తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్ళు పులకరిస్తుంది.

కలం పట్టిన వేలు

మా ఇంట్లో బడి ముఖం చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. దోమకొండ పక్కన చిన్న పల్లె మాది. బాపు గొర్లు కాసేవాడు. మద్రాసులో చదివి పట్టా పుచ్చుకుని నేను ఊళ్ళో దిగిన రోజు ఆయన మందతో గుట్ట మీద ఉన్నాడు. సాయంత్రం దాకా ఆగలేక నేను గుట్టకే పరుగెత్తాను. పాసయ్యానని చెబితే ఆయన నా వైపు తిరగలేదు, గొర్ల వైపు తిరిగాడు.

"ఇన్నరా? ఇగ మీకు ఇంట్లనే డాక్టరు" అన్నాడు.

తర్వాత చాలా సభల్లో కూర్చున్నాను గానీ, అంత గొప్ప సభకు నన్ను మళ్ళీ ఎవరూ పరిచయం చేయలేదు.

కామారెడ్డిలో ఉద్యోగం ఇచ్చారు. పశువుల డాక్టరును అప్పట్లో ఉర్దూలో సలోత్రి అనేవాళ్ళు. ఇటు సదాశివనగర్ నుంచి అటు ఎల్లారెడ్డి దాటి మహమ్మద్‌నగర్ దాకా పల్లెలన్నీ నావే. తిరగడానికి గుర్రాన్ని మాత్రం మేమే చూసుకోవాలి. ఒక జాగీర్దారు లాయంలో ముదురెరుపు ఆడగుర్రం ఒకటి ఉందనీ, దాన్ని ఎవరూ అడగడం లేదనీ విని బాపు, నేను వెళ్ళి తెచ్చుకున్నాం. చక్కటి కాళ్ళు, చక్కటి మెడ. మరి ఎవరూ ఎందుకు అడగలేదో కామారెడ్డి స్టేషన్ దగ్గర తెలిసింది.

స్టేషన్ బయట టాంగాలు నిలిచేవి. టాంగావాళ్ళకు పెద్ద మస్తాన్ చాచా. తెల్లగడ్డం, నోట్లో ఎప్పుడూ పాన్. మా గుర్రం నొసట చిన్న తెల్లచుక్క ఉంది. చాచా దగ్గరికి వచ్చి తన బొటనవేలు ఆ చుక్క మీద పెట్టాడు. చుక్క వేలి కింద దాగిపోయింది. ఆయన వేలు తీసి అంగీకి తుడుచుకున్నాడు. నొసటి చుక్క బొటనవేలి కింద దాగితే ఆ గుర్రం యజమానికి అచ్చిరాదని టాంగావాళ్ళ గట్టి నమ్మకం.

"వాపస్ ఇచ్చిరా బిడ్డా" అన్నాడు. "సదువుకున్నోనివి, నీకు గీ మన్హూస్ గుర్రం ఏంది?"

ఇలాంటివి నేను నమ్మనని చెప్పబోతుంటే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. చిక్కేమిటంటే ఆయన నమ్ముతాడు. తన వేలు పెట్టి చూశాడు. గొడ్డలి పట్టీ పట్టీ బండబారిన వేలు, చుక్క పూర్తిగా మూసుకుపోయింది. నన్ను పెట్టమన్నాడు. నా సన్నటి వేలి పక్కనుంచి తెలుపు కనబడుతూనే ఉంది.

"సూడు మస్తానన్నా" అన్నాడు బాపు. "మన ఏలు కింద దాగుతది, నిజమే. గానీ గుర్రం మనది కాదు గద. వానిది కలం పట్టిన ఏలు. వానికి చుక్క కనబడుతనే ఉంటది."

టాంగావాళ్ళంతా నవ్వారు, మస్తాన్ చాచా తప్ప. గుర్రాన్ని చూసుకోవడానికి నాకు దొరికిన సాయీసు ఖాసిం. అతనే దానికి సితార అని పేరు పెట్టాడు. ఉర్దూలో చుక్క అనే అర్థం. ఎట్లాగూ అందరూ దాన్నే చూస్తున్నారు, దాచుడెందుకు అన్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మేము స్టేషన్ ముందునుంచి పోతుంటే చాచా ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

పశువు మన ముందుకు రావాలి

కాలేజీలో నాకు చెప్పిన చదువంతా పశువు వచ్చి మన ముందు నిలబడ్డాక పనికొచ్చే చదువు. అసలు అది మన ముందుకు ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెప్పడం లేదని నా అనుమానం.

ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో పశువులకు పెద్దరోగం తగిలింది. నోరు పుండ్లు పడి, పారుకుని, మందలకు మందలు పోయేవి. సూది వేస్తే మిగతావి బతుకుతాయి. మందు సీసాలు తడిగోనెలో చుట్టి జీనుకు కట్టుకుని బయలుదేరాను. సితారది రహ్వాల్ నడక. అంటే గుర్రం ఎగిరెగిరి పడకుండా నీళ్ళ మీద పడవ పోయినట్టు పోతుంది. లింగంపేట అడివి దారిలో రాళ్ళ మీద అంత దూరం పోయినా సీసా సీసా తగిలిన చప్పుడు వినలేదు నేను. వెనక్కి చూసుకుంటూ, చెవులు రిక్కించుకుంటూ పోయేవాణ్ణి, ఒక్కసారైనా వినబడుతుందేమోనని.

ఇంత జాగ్రత్తగా మందు తెస్తే మొదటి ఊళ్ళో ఒక్క పశువు లేదు. గుర్రం మీద సర్కారువాడు వస్తున్నాడని తెలిసి అన్నిటినీ అడవిలోకి తోలేశారు. ఇంగ్లీషు సూది పడితే ఎద్దు చచ్చిపోతుందని ఎవరో చెప్పారట. నేను చావడి ముందు నిలబడి రోగం గురించి, రక్తం గురించి చదివిందంతా చెప్పాను. మర్యాదగా విన్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి ఒక ముసలవ్వ అంది:

"గంత మంచిదైతే ముందుగాల నీ గుర్రానికి పొడుసుకోరాదు?"

జనం గొల్లుమన్నారు. నాకు రోషం వచ్చింది. సూదిలోకి కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు ఎక్కించి, అందరి ముందూ సితార మెడలో గుచ్చాను. సితార తోక ఒక్కసారి విసిరి, మెడ ఇంకాస్త నా వైపు చాపింది. అంతే. అవ్వ వచ్చి దాని మెడ తడిమి చూసింది. ఏమందు పోసినవు అని అడిగింది. ఉప్పునీళ్ళేనని నిజం చెప్పాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఏందైతేంది. నీదాన్ని నొప్పిచ్చినవు గద" అని, వెళ్ళి తన ఆవును తోలుకొచ్చింది.

ఆ రోజు నేను నేర్చుకున్నది నా పట్టా అంత విలువైనది. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే పద్ధతి. ఉప్పునీళ్ళని అందరికీ తెలుసు. అయినా నేను సూది తీయగానే ఎవరో ఒకరు "ముందు సితారకు" అనేవారు. సితార వచ్చి మెడ చాపేది. తర్వాతే ఎడ్లు, బర్లు. బెదిరే కోడెలను దాని పక్కన కట్టేస్తే అవి కూడా నెమ్మదించేవి. అది వాటివైపు చూసేది కూడా కాదు, ఊరికే ఉండేది. ఊరికే ఉండటంలో అంత బలం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నిజామాబాద్ నుంచి మా పైఅధికారి ఒకసారి తనిఖీకి వచ్చి ఈ తంతు చూశాడు. ఉప్పునీళ్ళు గుర్రానికి పొడవడానికా సర్కారు నిన్ను పెట్టుకుంది అని అందరి ముందూ తిట్టాడు. తిడుతూ తిడుతూ తల ఎత్తి చూశాడు. తోలుకొచ్చిన పశువులు బాట మలుపు దాకా నిలబడి ఉన్నాయి. పోయేటప్పుడు జేబులోంచి బెల్లంముక్క తీసి సితారకు పెట్టాడు. పొద్దున తిట్టి సాయంత్రానికి నేర్చుకునే అధికారి దొరికితే అతన్ని వదులుకోకండి. అలాంటివాళ్ళు అరుదు.

బాద్షా తోబ్రా

గుర్రానికి గింజలు పెట్టి మూతికి తగిలించే సంచిని తోబ్రా అంటారు. కామారెడ్డి టాంగావాళ్ళలో ఒక ఆచారం ఉండేది. గుర్రం చనిపోతే దాని తోబ్రాను పారేయరు. అది ఎంతో ఇష్టపడి పక్కన నిలబడే ఇంకో గుర్రానికి ఇస్తారు. చచ్చినదాని నోటి ముద్ద ఆగిపోకూడదని. దానికి మించిన గౌరవం వాళ్ళకు లేదు.

మస్తాన్ చాచాకు బాద్షా అనే తెల్లగుర్రం ఉండేది. స్టేషన్ తొట్టి దగ్గర నీళ్ళు తాగేటప్పుడు అది తన యజమాని మాట వినకుండా వచ్చి సితార పక్కనే నిలబడేది. చాచా ఎంత గుంజినా కదిలేది కాదు. ఖాసిం అది చూసి ఆయన్ను ఏడిపించేవాడు. "చాచా, నీ బాద్షాకు చుక్క గిక్క పట్టింపు లేదు" అనేవాడు.

ఒక చలికాలం నేను ఎల్లారెడ్డి క్యాంపులో ఉండగా బాద్షా జలుబు చేసి, ముక్కు కారి, చిక్కిపోయి చచ్చిపోయింది. వయసైపోయిందనుకున్నారు. ఆ క్యాంపు సదాశివనగర్ నుంచి తెప్పించుకున్న వేరే గుర్రం మీద చేశాను, సితార కాలికి చిన్న దెబ్బ తగిలి ఇంట్లో ఉంది. తిరిగి వచ్చేసరికి సితార మూతికి రంగు దారాలతో కుట్టిన బాద్షా తోబ్రా. మస్తాన్ చాచా తన చేతులతో తెచ్చి కట్టిపోయాడట. ఇన్నేళ్ళు ముఖం తిప్పుకున్న మనిషి. ఖాసిం ఆ మాట చెబుతుంటే అతని కళ్ళు మెరిశాయి.

నెల తిరగకుండా స్టేషన్ దగ్గర ఇంకో గుర్రానికి ముక్కు కారింది. ఇంకోదానికి కాళ్ళ మీద పుండ్లు లేచాయి. దవడ కింద చెయ్యి పెట్టి చూస్తే గడ్డలు. అది జలుబు కాదు, కనార్. గ్లాండర్స్ అని పుస్తకాల్లో చదివినది. దానికి మందు లేదు. తొట్టి నీళ్ళలో, తోబ్రా తడిలో ఒకదాన్నుంచి ఒకదానికి పోతుంది. గుర్రాన్ని చూసుకునే మనిషికి కూడా అంటుకుని చంపగలదు. పైకి నున్నగా కనిపించే గుర్రంలో కూడా దాగి ఉంటుంది. పరీక్ష ఒక్కటే దారి. కింది కనురెప్పలో మల్లీన్ అనే మందు కొద్దిగా ఎక్కించి రెండు రోజులు చూడాలి. కన్ను వాచి పుసి కడితే రోగం ఉన్నట్టే, ఆ గుర్రాన్ని చంపేయాలి. సర్కారు ఉత్తర్వు అది.

తొట్టి దగ్గర

టాంగావాళ్ళను తొట్టి దగ్గరికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. గుర్రం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వాళ్ళు గుర్రాలను ఇళ్ళలో దాచేస్తే రోగం ఊళ్ళో నిలిచిపోతుంది, గుర్రాలతో పాటు మనుషులూ పోతారు. కొందరు తలలు దించుకున్నారు, కొందరు అప్పుడే కళ్ళేలు పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తున్నారు. వాళ్ళను ఆపింది మస్తాన్ చాచా. ఆపి, నావైపు తిరిగాడు.

"డాక్టర్ సాబ్, ఊరూరు తిరిగి ముందు నీ సితారకు పొడిసినవట. మాకు తెల్వదా? గీ ముచ్చట ఇంటనే ఉన్నం."

"అవును చాచా."

"అవి ఉప్పునీళ్ళు."

"అవును."

"మరి ఇయ్యాల? ఇది ఉత్త నీళ్ళు కాదు గద. ఇయ్యాల సుత ముందు సితారకేనా?"

నేను ఖాసిం వైపు చూశాను. అతను వెళ్ళి సితారను తీసుకొచ్చాడు. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. నా చేతిలో సూది చూడగానే అది అలవాటుగా మెడ చాపింది. ఈసారి మెడకు కాదు. దాని తల రెండు చేతులతో పట్టుకుని కిందికి వంచి, కనురెప్ప తీశాను. గుర్రాలు కంటి దగ్గరికి చెయ్యి రానివ్వవు, తల విదిలిస్తాయి, మూతికి తాడు బిగించాల్సి వస్తుంది. సితారకు తాడు వేయలేదు. సూది దిగుతుంటే అది నా భుజం మీద బరువుగా ఊపిరి వదిలింది, అంతే. స్టేషన్‌లో ఎవరో ఇత్తడి గంట కొట్టడం వినబడింది.

ఆ రెండు రోజులు ఖాసింను దాని దగ్గర పడుకోవద్దన్నాను. దూరంగా నిలబడి మాట్లాడేవాడు దానితో.

కన్ను

మరునాడు పొద్దున ఖాసిం నాకంటే ముందే లేచి దూరం నుంచి చూస్తున్నాడు.

"ఏడ్సినట్టున్నది సాబ్" అన్నాడు.

కంట్లోంచి నీరు కారుతోంది. అది ఒక్కోసారి ఊరికే కూడా కారుతుంది, అదే చెప్పాను అతనికి. ఆ తర్వాతి పొద్దుటికి రెప్ప వాచి కన్ను మూసుకుపోయింది. మూల పుసి కట్టింది. రెండో కన్ను తేటగా, ఎప్పటిలాగే నన్ను చూస్తోంది. మేత మేస్తోంది. ఒంటి మీద ఒక్క పుండు లేదు. చూసేవాళ్ళెవరూ రోగిష్టిదని అనలేరు. నేను చదవకపోయి ఉంటే నేనూ అనేవాణ్ణి కాదు.

టాంగావాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. అందరికీ కన్ను కనిపించింది. మస్తాన్ చాచా దాని కన్ను వైపు చూడలేదు, గోడకు తగిలించి ఉన్న తోబ్రా వైపు చూశాడు. దారాల కుట్టు ఉన్న తోబ్రా.

"నేనే తెచ్చి కట్టిన" అన్నాడు.

"ఇజ్జతిచ్చినవు చాచా. రోగం దాని ఎనుక వచ్చింది" అన్నాను.

ఊరి బయట గొయ్యి తవ్వించి సున్నం తెప్పించాను. పోలీసు అమీన్ తుపాకి ఇచ్చి, తన జవానును పంపుతానన్నాడు. నేనే చేస్తానన్నాను. ఇన్నేళ్ళు ఊరూరా ముందు నాదాన్నే నొప్పించినవాణ్ణి, ఈ ఒక్కటి ఇంకొకరి చేతికి ఎలా ఇస్తాను? గుర్రానికి నొసటి మీదనే పెట్టాలి, చుక్క ఉన్నచోటనే. ముందు బొటనవేలితో ఆ చోటు చూసుకున్నాను. ఇన్నేళ్ళ జీను తాళ్ళు, పశువుల పగ్గాలు, ఎండలు. నా వేలు ఎప్పుడు లావెక్కిందో నాకు తెలియదు. దాని కింద చుక్క పూర్తిగా దాగిపోయింది.

నా చేతిలో సూది లేదు, అయినా సితార మెడ చాపింది.

నేను తిరిగి తొట్టి దగ్గరికి వచ్చేసరికి మస్తాన్ చాచా అక్కడ ఉన్నాడు. బాద్షా స్థానంలో కట్టిన కొత్త గుర్రాన్ని పట్టుకుని వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన వెనక టాంగాలన్నీ. ఒక్కరు కూడా దాచలేదు. నేను మీకు ప్రమాణం చేసి చెబుతున్నాను, నా ఉద్యోగంలో అంతటి దృశ్యం మరొకటి చూడలేదు. ఒంటెద్దులా బతికే మనుషులు, రోజు గడిస్తే చాలనుకునే మనుషులు, తమ బతుకుదెరువును చేత్తో పట్టుకుని సూది కిందికి నడిపించారు. కొన్ని గుర్రాలు పోయాయి. ఎక్కువ మిగిలాయి. ఖాసింకు ఏమీ కాలేదు, ఏ మనిషికీ కాలేదు. రోగం కామారెడ్డి దాటలేదు.

తొట్టి పగలగొట్టించాం. తోబ్రాలన్నీ కుప్పపోసి కాల్చాలన్నాను. ఆచారం తెలిసి చెప్పాల్సిన మాట కాదు అది. మొదటి తోబ్రా చాచానే మంటలో వేశాడు. సితార మూతికి కట్టినదే. అది కాలిపోయేదాకా చూసి నా దగ్గరికి వచ్చాడు.

"తోబ్రా ఇయ్యద్దంటివి. మంచిగనే ఉన్నది. మరి దాని ముద్ద ఆగిపాయె గద సాబ్?"

ఆయన కాసేపు పాన్ నమిలాడు.

"పేరుకైతే రోగం అంటదా?" అని అడిగాడు.

"పేరుకు అంటదు చాచా" అన్నాను.

ఏ సితార

ఆ తర్వాత నన్ను వేరే జిల్లాకు వేశారు. కొంతకాలానికి బాపును చూడటానికి వస్తూ కామారెడ్డిలో రైలు దిగాను. స్టేషన్ బయట కొత్త తొట్టి కట్టారు, టాంగాలు ఎప్పటిలాగే ఉన్నాయి. మస్తాన్ చాచా గడ్డం ఇంకా తెల్లబడింది. ఆయన టాంగాకు నల్లటి ఆడగుర్రం కట్టి ఉంది. నొసట చుక్క లేదు, మచ్చుకైనా లేదు. అయినా నా బొటనవేలు దానంతట అదే వెళ్ళి అక్కడ ఆగింది.

"పేరేంది చాచా?" అని అడిగాను, తెలిసే.

"సితారా" అని కేకేశాడు ఆయన.

నల్లగుర్రం చెవులు నిక్కించింది. దాని వెనక ఎర్రదీ, పక్కన బూడిదరంగుదీ, చివర బక్కగా ఉన్న ఇంకొకటీ, వరసలో ఆడగుర్రాలన్నీ ఒక్కసారిగా తలలెత్తి చెవులు నిక్కించి మావైపు చూశాయి. నేను పెట్టె కింద పెట్టేసి అలాగే నిలబడిపోయాను. టాంగావాళ్ళు నా ముఖం చూసి నవ్వుతున్నారు. చాచా నా పెట్టె అందుకుని, ఈసారి తనూ నవ్వాడు.

"ఏ సితార ఎక్కుతవు సాబ్?"